వాటర్‌షెడ్ అంటే ఏమిటి? మీ చేను ఎందులో ఉంది?



ప్రధానమంత్రి కృషి సించాయి యోజన కింద వాటర్‌షెడ్ పనులు జరిగే గ్రామాల వారి కోసం ఈ పాఠం. "మీ ఊరి వాటర్‌షెడ్ ఎక్కడుంది?" అని అడిగితే చాలామంది చెక్‌డ్యామ్ చూపిస్తారు. చెక్‌డ్యామ్ అందులో ఒక పని మాత్రమే.

మాటకు అర్థం

ఈ ఇంగ్లిష్ మాటలో 'షెడ్' అంటే రేకుల షెడ్డు కాదండీ. విడదీయడం అని దాని పాత అర్థం. వాన నీటిని రెండు వైపులకు విడదీసే మిట్టను మొదట వాటర్‌షెడ్ అన్నారు. మన పథకంలో మాత్రం, పడిన వాన పారి ఒకే వాగుకో చెరువుకో చేరే మొత్తం నేలను ఆ పేరుతో పిలుస్తారు. తెలుగులో పరీవాహక ప్రాంతం. గుట్ట, బీడు, చేలు, ఊరు అన్నీ అందులోవే. దాని హద్దు నేల వాలును బట్టి ఉంటుంది. సర్వే నంబరుతో, ఊరి పొలిమేరతో సంబంధం లేదు.

ఇది మీకెందుకు?

"గుట్ట మీద కందకాలెందుకు? మా చేని దగ్గర చెక్‌డ్యామ్ కట్టండి" అని కొందరు అడుగుతుంటారు. ఒక లెక్క చూడండి. ఎకరం మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు లక్ష లీటర్ల నీళ్లు. పైన ఆపకపోతే ఆ నీళ్లు మట్టిని కోసుకుంటూ దిగుతాయి. కింద కట్టిన చెక్‌డ్యామ్ పూడిపోతుంది.

అందుకే పనులు పైనుంచి కిందికి చేస్తారు:

1. గుట్ట మీద కందకాలు, మొక్కలు
2. వాలులో రాతి కట్టలు
3. చేలల్లో గట్లు, పంట కుంటలు
4. చివర ఊట కుంటలు, చెక్‌డ్యామ్‌లు

అధికారులు 'రిడ్జ్ టు వ్యాలీ' అనేది దీన్నే.

పైన ఒకరు కందకం పూడ్చి దున్నుకున్నా, కట్ట రాళ్లు ఇంటికి తీసుకెళ్లినా, కింద బావి ఉన్న రైతు నష్టపోతాడు. ఆ రైతు మీకు తెలిసినవారే కావచ్చు, మీరే కావచ్చు.

మీరు చేయాల్సింది

గ్రామసభకు తప్పకుండా రండి. వాటర్‌షెడ్ కమిటీని ఎన్నుకునేది, ప్రణాళికను ఆమోదించేది అక్కడే. మ్యాపు చూపించమని అడగండి. మీ చేను ఎక్కడుంది, పైనుంచి నీళ్లు ఎటు వస్తాయి, ఎటు పోతాయి అన్నది చూసుకోండి. భూమి లేనివారికీ కమిటీలో చోటుంది. పని అయ్యాక మీ పరిధిలోని కందకాన్ని, గట్టును కాపాడుకోండి.

నీళ్లు మీ చేను దాటాక ఇంకొకరి చేనికే వెళ్తాయి.