రెండు కారుల వరి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో ఏటికి రెండు కారులు వరి పండును. పూర్వము హైదరాబాదు రాజ్యమున వానకాలపు పంటను ఆబి యనియు, చలిలో నాటి ఎండలలో కోయు పంటను తాబి యనియు పిలిచెడివారు. తాబినే నేడు యాసంగి యందురు. 1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరపు కాలువలకు నీరు వదలిన పిమ్మట, ఎడమ కాలువ క్రింది మిర్యాలగూడ, కోదాడ భూములు క్రమముగా మాగాణులైనవి. సూర్యాపేట వైపున మూసీ జలాశయము, చెరువులు, బావులు ఆధారములు.

ఆ దినములలోనే క్రొత్త వంగడములును వచ్చినవి. పాత వరి ఎత్తుగా పెరిగెడిది. ఎరువు ఎక్కువైనచో గింజ బరువునకు నేలపై పడిపోయెడిది. ఫిలిప్పైన్సు దేశమందలి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన ఐ.ఆర్. 8 పొట్టిది. ఎరువు వేసినను పడిపోక, ఆ బలమును గింజకే ఇచ్చెను. మరుసటి యేడు ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దానిని పండించి చూపెను. అన్నము ముతకగా నుండుటచే తినువారు మాత్రము మెచ్చలేదు!

ఒకే విత్తనమును రెండు కారులందు నాటినను దిగుబడి యొక్కటిగా నుండదు. చిరుపొట్ట మొదలు గింజ గట్టిపడు వఱకు పైరునకు ఎండ మిక్కిలి అవసరము. వానకాలమున మబ్బులు క్రమ్మును, తెగుళ్లు హెచ్చును. యాసంగిలో ఆకాశము నిర్మలము. కనుక నీరు చాలినచో యాసంగియందే సాధారణముగా గింజ ఎక్కువ రాలును.

అట్లని వానకాలపు విత్తనమును యాసంగిలో చల్లరాదు. 1986లో బాపట్లనుండి వెలువడిన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204, పండుటకు సుమారు 150 దినములు పట్టును. దానిని యాసంగిలో ఆలస్యముగా పోసినచో ఏప్రిల్ ఎండలలో పూతకు వచ్చును. పూతవేళ వేడి 35 డిగ్రీలు దాటినచో పుప్పొడి చెడి వెన్నులో తాలు మిగులును. నారుమడిలో చలి బాధ వేఱు. చలికి తెల్లహంస ఓర్చుకొనును. 2000లో వచ్చిన ఎం.టి.యు. 1010 సుమారు 120 దినములకే పండును గనుక యాసంగి రైతులు దానిని ఆదరించిరి.

చేనిలో లాభము కనబడినను మరలో నష్టము కలదు. ఎండలలో పండిన గింజ లోలోపల చిట్లి, మర పట్టినపుడు నూక యగును. అందుచే మిర్యాలగూడ మిల్లులలో ఆ వడ్లను నానబెట్టి, ఆవిరిపై ఉడికించి, ఆరబెట్టి ఉప్పుడు బియ్యము చేయుదురు. ఉడికినపుడు పగుళ్లు అతుకుకొనును. 2021లో కేంద్ర ప్రభుత్వము ఉప్పుడు బియ్యము ఇక కొనజాలమనగా, ఆ యాసంగిలో వరి వేయవలదని రాష్ట్ర ప్రభుత్వము రైతులను కోరెను. అధిక దిగుబడియే రైతునకు చిక్కు తెచ్చినది.

యాసంగి కోత మార్చి చివరకు ముగిసినచో నూక తగ్గును. అందులకు వానకాలపు పంట అక్టోబరులోనే ఇల్లు చేరవలెను. రాజేంద్రనగరమున రూపొందిన తెలంగాణ సోన, అనగా ఆర్.ఎన్.ఆర్. 15048, సుమారు 125 దినముల పంట యగుటచే సాంబ మసూరికన్న ముందే పొలము ఖాళీ చేయును. కాని కృష్ణకు వరద వచ్చి సాగరము నిండనిదే కాలువకు నీరు రాదు. బావి గల రైతు ముందుగా నారు పోసికొనును. కాలువనే నమ్మినవాడు ఆగస్టు వఱకు ఎదురుచూచుచుండును.