నాన్నగారి కంప్యూటర్ తెరుచుకోవడం లేదు

ప్రశ్న: నాన్నగారు పోయారు. మా రైస్‌మిల్లు లెక్కలన్నీ ఆయన కంప్యూటర్‌లోనే ఉన్నాయి. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఎవరు చెప్పినా ఫార్మాట్ మాత్రం చేయించకండి, లెక్కలన్నీ పోతాయి. విండోస్ పాస్‌వర్డ్ ఒక్కటే ఉండి, డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే బిట్‌లాకర్ లేకపోతే డిస్క్ తీసి మరో కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు కాపీ చేసుకోవచ్చు. అమ్మగారికీ తోబుట్టువులకూ ముందే చెప్పండి. మీ ఊళ్లోనైనా, సూర్యాపేట, కోదాడల్లోనైనా తెలిసిన మెకానిక్ చేత కళ్లెదుటే చేయించండి. బ్యాంకు వివరాలుండే డిస్క్‌ను షాపులో వదిలి రావద్దు.

బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. అది ఆయన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉండొచ్చు, ప్రింటు తీసి బీరువాలో దాచి ఉండొచ్చు. వెతకండి. అదీ దొరక్కపోతే, తెరుస్తామని డబ్బడిగేవాళ్లను నమ్మకండి. జీఎస్టీ రిటర్నుల కాపీలు మీ ఆడిటర్ దగ్గర ఉంటాయి, ముందు ఆయన్ను కలవండి.