పదునేడేండ్లకును పోని భయము

చదువవలసిన భాగములు: ఆదికాండము 50:15–21; లూకా 19:1–10



యోసేపు చరిత్ర మనకు క్రొత్తది కాదు. ఆదివారపు బడి పిల్లలను నిద్ర లేపి అడిగినను చెప్పుదురు. అయితే ఆ చరిత్ర నలువదియైదవ అధ్యాయముతోనే ముగిసినదని తలంచువారు మనలో అనేకులు. యోసేపు తన్ను తెలియజేసికొనెను, అన్నలను కౌగిలించుకొని యేడ్చెను, తండ్రిని రప్పించి గోషెనులో కాపురముంచెను. ఇక అంతయు సుఖమే అనుకొందుము.

ఏబదియవ అధ్యాయము తెరచి చూడుడు. తండ్రిని పాతిపెట్టి వచ్చిన వెంటనే అన్నలకు వణకు పుట్టెను. యోసేపు ఇప్పుడు మనమీద పగ తీర్చుకొనును కాబోలు అనుకొనిరి. యాకోబు ఐగుప్తులో బ్రదికినది 17 సంవత్సరములు (47:28). అనగా 17 సంవత్సరములు తమ్ముడు పెట్టిన అన్నము తినుచు, అతని నీడలో పిల్లలను పెంచుకొనుచు, వారి కడుపులో ఆ భయము అట్లే యుండెనన్నమాట!

ఎందుచేత? నాకు తోచినది చెప్పెదను. తాము చేసిన పనిని వారు యోసేపు ముఖము చూచి ఎన్నడును ఒప్పుకొనలేదు. 42:21లో తమలో తాము ఒప్పుకొనిరి. వినుచున్న అధికారికి తమ భాష రాదనుకొనిరి. 44:16లో యూదా తమ దోషమును దేవుడు కనుగొనెనని పలికెను గాని, ఆ దోషము ఏదో పేరు పెట్టి చెప్పలేదు. క్షమింపుమను మాట మనకు మొదటిసారి వినబడునది 50:17లోనే. అప్పుడును తాము ముందుగా రాలేదు, కబురు పంపిరి. ఆ కబురు విని యోసేపు ఏడ్చెను. దానికొరకే అతడు ఇన్నాళ్లు కనిపెట్టుకొని యుండెనేమో.

ఈ భాగము చదివినప్పుడెల్ల నాకు 1948వ సంవత్సరపు హైదరాబాదు సంస్థానము జ్ఞాపకము వచ్చును. కాశిం రజ్వీ నాయకత్వమున రజాకార్లు ఊళ్లమీద పడి దోచిరి, కాల్చిరి, చంపిరి. ఆగస్టు నెలలో బైరాన్‌పల్లి గ్రామస్థులను వరుసగా కాల్చి చంపిరి. ఆ నెలలోనే వారి దౌర్జన్యమును ఖండించి వ్రాసిన షోయబుల్లాఖాన్ అను పత్రికా సంపాదకుని హైదరాబాదు వీధిలో హత్య చేసిరి. ఆయన ముస్లిము. ఈ సంగతి మన పిల్లలకు చెప్పవలెను. సెప్టెంబరు 13న భారత సైన్యము ప్రవేశించెను. 17న నిజాము లొంగిపోయెను. అయిదు దినములలో యుద్ధము ముగిసెను.

సమాధానము వచ్చెనా? అంతవరకు బాధపడినవారి చేతికి ఇప్పుడు బలము వచ్చెను. బయటినుండి ఆయుధములతో వచ్చినవారును కలిసిరి. రజాకార్లతో ఏ సంబంధమును లేని ముస్లిము కుటుంబములు అనేకము వారి చేతిలో నశించినవి. ప్రధానమంత్రి నెహ్రూ పండిత సుందర్‌లాల్‌ను, ఆయనతో ఖాజీ అబ్దుల్ గఫార్‌ను మరియొకరిని విచారించుటకు పంపెను. వారు ఆ సంవత్సరాంతమున జిల్లాలు తిరిగి చూచి, తక్కువలో తక్కువగా లెక్కించినను 27,000 మొదలు 40,000 మంది వరకు చనిపోయిరని వ్రాసిరి. అన్నిటికంటె ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాలలో నాందేడు ఒకటి. మన ఎడపల్లినుండి బోధన్ దాటి పడమటికి పోయినచో వచ్చునది ఆ జిల్లాయే.

ఆ నివేదికను ప్రభుత్వము అచ్చువేయలేదు. 2013 ప్రాంతమున గాని అది చదువరులకు ఢిల్లీలో అందుబాటులోనికి రాలేదు. అన్నల మౌనము 17 ఏండ్లు. మన మౌనము 60 ఏండ్లకు పైమాటే. ఈనాటికిని సెప్టెంబరు 17న ఒకరు విమోచనమందురు, ఒకరు విలీనమందురు, మరొకరు సమైక్యత అందురు. ఒక్క దినమునకు ఇన్ని పేర్లేల? రెండు పక్షముల కన్నీటిని ఒక్కచోట కూర్చుండి ఎవరును లెక్కపెట్టలేదు గనుక.

ఆ కాగితములలో మరియొక సంగతియు ఉన్నది. కొన్నిచోట్ల హిందువులు తమ పొరుగు ముస్లిములను ప్రాణమునకు తెగించి కాపాడిరి. విశేషముగా సాలెవారు, తమవలె మగ్గము నేయు ముస్లిములను విడిచిపెట్టక, వారికొరకు ప్రాణములు కూడ ఇచ్చిరట. నివేదికను దాచినందున వీరి మంచియు దాగిపోయెను. నాకు ఇది మిక్కిలి బాధ.

నిజము చెప్పుట మొదటి మెట్టు. జక్కయ్య అంతటితో ఆగెనా? సగము ఆస్తి బీదలకిచ్చి, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి యిచ్చెదనని నిలువబడి చెప్పెను. యోసేపు కూడ మీరు నాకు కీడు తలపెట్టితిరని దాచక పలికి, ఆ మీదట మిమ్మును మీ పిల్లలను పోషించెదననెను. మన తెలంగాణములో కలహమునకు వేరు భూమియే. సాయుధ పోరాటము ఇంకను సాగుచుండగా, 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చెను. అక్కడి హరిజనులు 80 ఎకరములు కావలెననిరి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరములిచ్చెదననెను. తరువాత దేశమంతట దానమని చెప్పిన భూమి యావత్తు బీదల నాగటి క్రిందికి రాలేదనుట నిజమే. అయినను తుపాకి నడుమ ఆ మాట పుట్టినదని మరువరాదు.

దక్షిణాఫ్రికాలో 1996 మొదలుకొని బిషప్ డెస్మండ్ టూటూ అధ్యక్షతన జరిగిన విచారణలో, చేసినదంతయు దాచక చెప్పినవానికే క్షమాభిక్ష అను నియమముండెను. నష్టపడినవారికి పరిహారము మాత్రము ఆలస్యముగాను కొంచెముగాను వచ్చెను. జక్కయ్య పని సగమే జరిగినదన్నమాట.

ఇక మన యింటి సంగతి. నా సంఘములో రెండు కుటుంబములు కాలువ నీటికొరకు కొట్లాడి రక్తము కార్చుకొనిరి. ఠాణాలో రాజీ కాగితము వ్రాసికొనిరి. ఆ క్రిస్మసునాడు నేను ఇద్దరి చేతులు కలిపి, సమాధానము కలిగినదని బలిపీఠము ముందర ప్రకటించితిని. తొందరపడితిని. అయిదేండ్లుగా ఒకరు ద్వారము ప్రక్కన, ఒకరు కిటికీ ప్రక్కన కూర్చుందురు. ప్రభు రాత్రి భోజనమునకు ఒక వరుసలో రారు. రాజీ వేరు, సమాధానము వేరు అని వారు నాకు నేర్పిరి.

మొన్న చెరుకు నరుకుడు ముగిసిన తరువాత, వారిలో చిన్నవాడు చీకటి పడువేళ మా యింటికి వచ్చెను. ఆ రాత్రి గట్టు తెగగొట్టినది నేనే అయ్యగారూ, ఠాణాలో అబద్ధమాడితిని అనెను. ఇది నాకు కాదు, వారింటికి పోయి చెప్పుమంటిని. పోయి చెప్పెను. రెండు తడులు తన వంతు నీరు వారికి విడిచెదననెను.

అవతలివారు ఇంకను ఏమియు అనలేదు. నేనును ఈసారి అడుగుట లేదు.