కాళ్లు, మణికట్లు, మాడు

అంగన్‌వాడీలో పిల్లల్ని తూస్తూ, కొలుస్తూ పెద్దదాన్నయ్యాను. కొత్త తల్లులు అడిగేవాటికి నాకు తెలిసినంత చెబుతున్నాను.

1. గోళ్లమీద తెల్ల మచ్చలు చూసి కాల్షియం తగ్గిందని కంగారుపడకండమ్మా. చాలావరకు అవి గోరుకు తగిలిన చిన్న దెబ్బల గుర్తులు. మట్టి, బలపాలు తినే పిల్లకు కూడా కాల్షియం తగ్గిందనుకునే ముందు రక్తహీనత ఉందేమో చూపించండి.

2. చూడాల్సినవి వేరే ఉన్నాయి. నీళ్లు పోసేటప్పుడు బిడ్డ ఒళ్లంతా తడిమి చూడండి. మాడు ఏడాదిన్నరకు, మహా అయితే రెండేళ్లకు పూడాలి. ఏడాది దాటినా ఒక్క పన్నూ రాకపోవడం, ఏడాదిన్నరకూ అడుగు వేయకపోవడం, మణికట్టు దగ్గర ఎముక లావెక్కడం, పక్కటెముకల కొసల్లో పూసల్లా చేతికి తగలడం... వీటిలో ఏది కనిపించినా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. రెండేళ్లలోపు కాళ్లు కాస్త వంకరగా ఉండటం సహజం. ఆ తర్వాత కూడా దొడ్డికాళ్లు పెరుగుతుంటే, లేదా ఒక్క కాలే వంగుతుంటే ఊరుకోకూడదు. "పెద్దయితే అదే సర్దుకుంటుంది" అని అత్తగారు అన్నా సరే, తీసుకెళ్లండి.

3. రక్తంలో కాల్షియం సరిగ్గా ఉందని రిపోర్టు వస్తే నిశ్చింతగా ఉండకండి. రక్తంలో తగ్గకుండా ఒళ్లు ఎముకల్లోంచి లాగేసుకుంటుంది. అందుకే డాక్టరు విటమిన్ డి పరీక్ష, మణికట్టు ఎక్స్‌రే కూడా రాస్తారు. డబ్బు దండగ అనుకోవద్దు.

4. 1–3 ఏళ్ల పిల్లలకు రోజుకు 500, 10–12 ఏళ్లవాళ్లకు 850 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని 2020లో ఐసీఎంఆర్, మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పాయి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 ఉంటుంది. మొలకెత్తించి పిండి పట్టిస్తే ఇంకా బాగా ఒంటబడుతుంది. పెరుగు, నువ్వులుండ, మునగాకు, ముల్లుతో తినే చిన్న చేపలు పెట్టండి. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్ దాన్ని ఒంటబట్టనీయదు. ఎంత తిన్నా విటమిన్ డి లేకపోతే పేగులు కాల్షియాన్ని సరిగ్గా పీల్చుకోవు. పిల్లల్ని కాసేపు ఎండలో ఆడుకోనివ్వండి. చంటిబిడ్డకు డాక్టరు రాసిన డి చుక్కలు మానొద్దు.

5. నల్లగొండ వైపువాళ్లకు ఒక మాట. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్నచోట తిండిలో కాల్షియం తక్కువైతే పిల్లల కాళ్లు మరింత వంగుతాయి. మోకాళ్లు ఒరుసుకుంటూ నడిచే పిల్లల్ని చూసి కడుపు తరుక్కుపోయేది. బోరు నీళ్లు పరీక్ష చేయించకుండా పిల్లలకు తాగించొద్దు.

6. టానిక్కు సీసాలు మీ అంతట మీరే కొనకండి. విటమిన్ డి ఎక్కువైనా ప్రమాదమే.

7. చేతివేళ్లు బిగుసుకుపోతున్నా, పసిబిడ్డకు ఫిట్స్ వచ్చినా అది రేపటిదాకా ఆగే పని కాదు. నోట్లో నీళ్లు గానీ పాలు గానీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయండి.