కంప్యూటర్ మధ్యలో ఆగిపోతోందా? పిల్లల్ని తిట్టేముందు ఈ సెట్టింగ్స్ చూడండి



పోయిన నెల ఎనిమిదో తరగతి బాబు ఒకడు సోషల్ ప్రాజెక్ట్ ఇవ్వలేదు. వంశధార, నాగావళి నదుల మీద పన్నెండు స్లైడ్లు చేశాడట, సేవ్ చేసేలోపు కంప్యూటర్ ఆగిపోయిందట. అలా మూడోసారి. "గేములు ఆడి పాడుచేశాడు మేడమ్, కొత్తది కొనాలేమో" అని వాళ్ల నాన్నగారు డైరీలో రాశారు. నిజం చెప్పాలంటే నేనూ సాకే అనుకున్నాను. ఆయన సీపీయూ బాక్సుని మా ల్యాబ్‌కి తెచ్చాక తెలిసింది, తప్పు బాబుది కాదని.

ర్యామ్ అంటే క్లాసులో బ్లాక్‌బోర్డు అనుకోండి. రాసినంతసేపే ఉంటుంది, కరెంటు పోతే తుడిచేసినట్టే. హార్డ్ డిస్క్ నోట్‌బుక్ లాంటిది. బోర్డు నిండిపోతే విండోస్ కొంత భాగాన్ని డిస్క్‌లో దాచుకుంటుంది. దాన్నే పేజింగ్ ఫైల్ అంటారు. ఆ బాబు కంప్యూటర్‌లో ర్యామ్ 4 జీబీ. స్పీడ్ పెరుగుతుందని ఎవరో పేజింగ్ ఫైల్ తీసేశారు. పదిహేను క్రోమ్ ట్యాబ్‌లు, పవర్‌పాయింట్ కలిసి తెరిస్తే ఇంకెక్కడ పడుతుంది?

స్టార్ట్‌లో 'వ్యూ అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్' అని టైప్ చేయండి. పెర్ఫార్మెన్స్ కింద సెట్టింగ్స్, అందులో అడ్వాన్స్‌డ్ ట్యాబ్, వర్చువల్ మెమరీ దగ్గర చేంజ్ నొక్కండి. అన్నిటికంటే పైన ఉన్న 'ఆటోమేటికల్లీ మేనేజ్' అనే గడిలో టిక్ ఉండాలి. లేకపోతే పెట్టి రీస్టార్ట్ చేయండి. సొంతంగా అంకెలు వేయకండి, అవసరం లేదు. సీ డ్రైవ్‌లో ఖాళీ లేకపోతే ఈ టిక్ వల్ల లాభం ఉండదు కాబట్టి పెళ్లి వీడియోలు వేరే చోటికి మార్చండి. 'ర్యామ్ క్లీనర్' యాప్‌లు మాత్రం వేయకండి, అవే ర్యామ్ తింటాయి.

రెండోది కరెంటు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి చీకటే. అంత కాకపోయినా గాలివాన వస్తే మనకి కరెంటు పోవడం కొత్త కాదు. బాబు భోజనానికి లేచినప్పుడు డెస్క్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లేది. స్లీప్‌లో పని ర్యామ్‌లోనే ఉంటుంది. ఆ టైములో కరెంటు పోతే అంతే. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, చేంజ్ అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్‌కి వెళ్లండి. స్లీప్ కింద 'హైబ్రిడ్ స్లీప్' కనిపిస్తే ఆన్ చేయండి, అది డిస్క్‌లో కూడా దాస్తుంది. లేదంటే స్లీప్‌ని 'నెవర్' చేయండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కింద 'క్రిటికల్ బ్యాటరీ యాక్షన్' హైబర్నేట్ అని ఉండాలి.

పవర్‌పాయింట్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌కి వెళ్తే ఆటో రికవర్ 10 నిమిషాలని ఉంటుంది. 2 చేయండి. పని చేస్తుండగా కరెంటు పోతే ఏ సెట్టింగూ ఆపలేదు, దానికి చిన్న యూపీఎస్ కావాల్సిందే.

ఇవన్నీ చేసినా ఆగిపోతే స్టార్ట్‌లో 'విండోస్ మెమరీ డయాగ్నస్టిక్' నడపండి. తప్పు చూపిస్తే ర్యామ్ ఊడదీసి శుభ్రం చేయించి మళ్లీ పెట్టించండి, అప్పటికీ తప్పు వస్తే మార్పించండి. ఏమీ చూపించకపోతే ఫ్యాన్‌లో దుమ్ము, ఎస్ఎంపీఎస్ చూపించండి. కొత్త కంప్యూటర్ సంగతి ఆ తర్వాత ఆలోచించవచ్చు.

ఆ బాబుకి వారం గడువిచ్చాను. పద్నాలుగు స్లైడ్లు తెచ్చాడు.