కామెర్లు కనిపించని కాలేయవ్యాధి

పచ్చకామెర్లు అనగానే మనవారికి మొదట స్ఫురించేది పసరు మందు. నేలఉసిరిక నూరి మజ్జిగతో ఇవ్వడం, పథ్యం పెట్టడం, కొన్నిచోట్ల ముంజేతిపై వాత వేయడం తరతరాల ఆచారం. కలుషితజలం వలన సంక్రమించే హెపటైటిస్-ఎ చాలామందిలో కొన్ని వారాలకు తానుగా శమిస్తుంది. కీర్తి పసరుకు దక్కుతుంది. హెపటైటిస్-సి ధోరణి అది కాదు. రక్తం ద్వారా ప్రవేశించి, అత్యధికుల కన్నులలో పచ్చదనమైనా చూపక, సోకిన పదిమందిలో సుమారు ఏడుగురిలో దీర్ఘవ్యాధిగా నిలుస్తుంది. ఇరవై ముప్పై ఏండ్లకు కాలేయం గట్టిపడి, జలోదరంగా బయటపడేవారూ ఉన్నారు.

ఈ వైరస్‌ను గుర్తించినది 1989లో. అంతకుముందు దాతల రక్తంలో దీనిని పట్టే పరీక్షే లేదు. కనుకనే దీని వ్యాప్తి అందరిలో ఒకే తీరుగా ఉండదు. మన దేశపు సామాన్య జనంలో ఇది సుమారు నూటికి ఒకరు, లేదా అంతకన్న తక్కువ. తరచు రక్తం ఎక్కించుకొనే తలసీమియా బిడ్డలలో, హీమోఫిలియా రోగులలో, డయాలిసిస్ చేయించుకొనేవారిలో అనేకరెట్లు ఎక్కువ. సూదులతో మత్తుమందు ఎక్కించుకొనేవారిలో ప్రపంచం మొత్తం మీద సుమారు సగం మందికి ఇది సోకిన జాడ కనిపిస్తుంది.

ఈజిప్టు కథ మరీ విషాదకరం. కాలువలలోని నత్తల ద్వారా వ్యాపించే కృమిరోగాన్ని తొలగించడానికి అక్కడ 1950ల నుండి 1980ల వరకు ఊరూరా ఆంటిమొనీ ఇంజెక్షన్లు ఇచ్చారు. సరిగా మరగబెట్టని సిరంజిలే ఈ వ్యాధిని పంచిపెట్టాయి. 2008 సర్వేలో 15–59 ఏండ్లవారిలో నూటికి సుమారు 15 మందికి ఇది సోకిన జాడ ఉన్నది. 2018-19లో సుమారు 5 కోట్లమందిని పరీక్షించి, వ్యాధి ఉన్నవారికి ఉచితంగా మందులిచ్చారు.

నా పొరపాటు ఒకటి దాచను. నీరసంతో వచ్చిన ఒక గృహిణికి రెండేండ్లు భూమ్యామలకీ చూర్ణమే ఇస్తూ వచ్చాను. పాదాలు వాచిన తరువాతగాని, "ఎప్పుడైనా రక్తం ఎక్కించారా అమ్మా?" అని అడగలేదు.

"మొదటి కాన్పులో, 1988లో, రెండు సీసాలు ఎక్కించారు. ఎప్పటి మాటో గదండీ, డాక్టరుగారూ!" అన్నది ఆమె.

పరీక్షలో హెపటైటిస్-సి తేలింది. కాలేయం అప్పటికే గట్టిపడింది. 2018లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం క్రింద ప్రభుత్వాసుపత్రులలో ఉచితంగా ఇచ్చే సోఫోస్‌బువిర్, డక్లాటస్‌విర్ మాత్రలతో, సాధారణంగా పన్నెండు వారాలలో, నూటికి సుమారు 95 మందికి వైరస్ తొలగుతుంది. ఆమెకూ తొలగింది. మచ్చపడిన కాలేయం మాత్రం మునుపటివలె కాలేదు. ఆరునెలలకొకసారి స్కానింగ్ చేయించుకొంటున్నది. నేలఉసిరిక ఈ వైరస్‌ను తొలగిస్తుందనడానికి ఆధారం లేదని వైద్యునిగా నేను చెప్పక తప్పదు.

తల్లినుండి సోకే అవకాశం కొంత ఉన్నది గనుక ఆమె రెండవ కాన్పు బిడ్డకు కూడ పరీక్ష చేయించాము. లేదని తేలింది.