టమాట తోటలో వైరస్ గుర్తింపు

పెద్దపల్లి ప్రాంతంలో టమాట వేసిన రైతు, ఆకు ముడిచినా, చిగురు మాడినా "వైరసచ్చింది" అని ఒక్కమాటతో సరిపెట్టుకొంటాడు. వృక్షశాస్త్రం చదువుకొనే మనం అంతటితో ఆగరాదు. ఏ వైరస్ అన్నది తేలనిదే దానిని తట్టుకొనే రకాన్ని రూపొందించుట సాధ్యం కాదు.

ఆకులు చిన్నవై, ముడుచుకొని, మొక్క గిడసబారితే తెల్లదోమ వ్యాపింపజేసే ఆకుముడతను అనుమానించాలి. లేత ఆకులపై గోధుమరంగు మచ్చలు లేచి, కాడపై చారలు పడి, కొన మాడితే తామరపురుగులు తెచ్చే మొవ్వుకుళ్ళు కావచ్చును. మొజాయిక్‌కు పురుగుతో పనిలేదు. పనివారి చేతులే చాలును. బీడీ పొగాకు ముట్టిన చేతులతో నారు పట్టరాదనుటకు కారణ మిదే.

అయితే కన్ను మోసపోతుంది. కలుపుమందు సోకినా ఆకు వంకర తిరుగును. కనుక అనుమానించిన ఆకును చల్లని ద్రావణంలో నూరి, ఆ రసాన్ని బొబ్బర మొలకల ఆకులపై సన్నని కార్బోరండం పొడితో రుద్దుతారు. మొవ్వుకుళ్ళు వైరస్ అయితే కొద్దిరోజులలో రుద్దినచోట మచ్చలు లేస్తాయి. ఆకుముడత వైరస్ సాధారణంగా ఇట్లు రసం ద్వారా అంటదు. దానిని తెల్లదోమ ద్వారానో, డి.ఎన్.ఏ. పరీక్ష ద్వారానో తేల్చుకోవాలి. 1971లో వెలుగుచూసిన ఎలైజా పరీక్షలో ప్రతిరక్షకాలు తమకు తగిన వైరస్‌ను పట్టుకొనగా, రంగు మారుటను బట్టి దాని ఉనికి తెలుస్తుంది.

ఈ ప్రతిరక్షకాలే మన రాష్ట్రంలో ఒక పెద్ద పొరపాటును సరిదిద్దినవి. వేరుశనగలో మొవ్వుకుళ్ళుకు కారణం టమాట స్పాటెడ్ విల్ట్ వైరస్ అని 1979లో ప్రకటించారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో డి.వి.ఆర్. రెడ్డి ప్రభృతులు పరిశీలించగా, ఆ వైరస్‌కు తయారుచేసిన ప్రతిరక్షకాలు మన వైరస్‌ను గుర్తించలేదు. ఇది వేరే వైరస్ అని 1992లో వెల్లడించారు. టమాటకు సోకేదియు ఇదే.

పేరు మారితే రైతుకేమి? చాలా ఉన్నది. స్పాటెడ్ విల్ట్‌ను అడ్డుకొనే ఎస్‌డబ్ల్యు-5 అనే జన్యువు పెరూవియానమ్ అనే అడవి టమాట నుండి వచ్చినది. దక్షిణాఫ్రికాలోని స్టీవెన్స్ రకంలో అది కలదు. కాని ఆ జన్యువు అమెరికా శాఖ వైరస్‌ల ప్రోటీన్‌లోని ఒక చిన్న భాగాన్ని పోల్చుకొని మొక్కను కాపాడును. మన వైరస్ ఆసియా శాఖకు చెందినది. పాత పేరునే నమ్మి సంకరణం చేసియున్నచో ఏండ్ల శ్రమ వృథా అయ్యెడిది.

ఆకుముడత విషయంలో మేలు జరిగినది. హబ్రోకైటిస్ అనే అడవి జాతి నుండి నిరోధకతను తెచ్చి హర్యానాలో హెచ్-24 అనే వంశాన్ని రూపొందించారు. దానిలోని జన్యువునకు టి.వై.-2 అని పేరు. బెంగుళూరు ఉద్యాన పరిశోధనా సంస్థవారి అర్క రక్షక్ సంకరం సైతం ఆకుముడతను తట్టుకొనును. అయినను ఆకుముడతను ఓర్చిన మొక్క పక్క సాలులోనే మొవ్వుకుళ్ళుకు లొంగవచ్చును. అప్పుడు రైతు విత్తనం కల్తీదని దుకాణదారుతో జగడమాడతాడు.